ఎదురొచ్చిన కరెంటు

అమావాస్య నాడు ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధుల్లో మగ్గం ఆడదు. పొద్దున్నే మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, రెండు ఊదుబత్తులు వెలిగించి, మగవాళ్ళు అరుగుల మీద చేరతారు. ఎందుకు ఆడదని అడిగితే పెద్దలు పెట్టిన రివాజు అంటారు తప్ప ఇంకో మాట చెప్పరు. లైన్ ఇన్స్‌పెక్టర్ శేషన్నకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయన తండ్రి ముప్పై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. అందుకే రోజంతా కరెంటు తీయాల్సి వస్తే ఏ రోజు తీద్దామని ఇంజనీరు ఉష మేడం అడిగినప్పుడు, ఆయన వేళ్ళు మడిచి లెక్క చూసి, వైశాఖ అమావాస్య అన్నాడు.

ఆమె నవ్వింది. అమావాస్య రోజు మనవాళ్ళు స్తంభం ఎక్కుతారా అని అడిగింది.

"ఎక్కుతారు మేడం. కరెంటుకు తిథులు యాడున్నాయి?" అన్నాడు శేషన్న. అన్నాడే గానీ, ఆ రోజు బయల్దేరేముందు ఆంజనేయస్వామికి ఒక టెంకాయ ఎక్కువ కొట్టాలని అప్పుడే మనసులో అనుకున్నాడు.

పని తప్పనిసరి. నేతగాళ్ళ కాలనీ మీదుగా పోయే పదకొండు వేల వోల్టుల లైను పాతబడిపోయింది. ఎక్కడ తెగితే అక్కడ ముడి వేస్తూ రావడంతో తీగ మొత్తం అతుకుల మీద అతుకులై ఉంది. పదిహేను రోజుల కిందట గాలివానకు ఒక తీగ తెగి బడి గేటు ముందర పడింది. సెలవులు కాబట్టి సరిపోయింది. బడి తెరిచేలోగా, వానలు పట్టేలోగా తీగ మొత్తం మార్చాలి. ఆదోని నుంచి పదిమంది మనుషులు, తీగ చుట్ట, లారీ వస్తాయి. ఆ జట్టుకు జిల్లా అంతా పనే. ఈ రోజు తప్పితే మళ్ళీ వానలు వెలిసినాకే.

ఉష మేడంది ఈ ప్రాంతం కాదు. వయసు ముప్పై కూడా లేదు. అయినా కరెంటు తీయడమంటే స్విచ్ దించడం కాదని తెలిసిన మనిషి. పేపర్లో ప్రకటన వేయించింది. ఆటోకు మైకు కట్టించి వీధివీధీ చెప్పించింది. మంచినీళ్ళ ట్యాంకు తెల్లారేలోగా నింపమని మునిసిపాలిటీ వాళ్ళను ఒప్పించింది. కరెంటు లేకపోతే ప్రాణం మీదికొచ్చేవాళ్ళు ఎవరున్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకురమ్మని శేషన్నను పంపింది. ఆయన నాలుగు రోజులు తిరిగి ముప్పై రెండు పేర్లు రాశాడు. ఆక్సిజన్ మిషను పెట్టుకున్న ముసలాయనను ఆ ఒక్కరోజుకు అల్లుడి ఇంటికి మార్పించాడు. సూది మందులు ఫ్రిజ్‌లో దాచుకునే ఇళ్ళకు థర్మాకోలు పెట్టెలు ఇప్పించాడు. పిండిమర ఆయనకూ ఐస్‌క్రీం కొట్టు ఆయనకూ నచ్చజెప్పాడు. ఇంత పద్ధతిగా కరెంటు తీయడం తన ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో చూడలేదని ఇంట్లో భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు.

అమావాస్య పొద్దున ఆరు గంటలకు స్నానం చేసి, విభూది పెట్టుకుని, టెంకాయ చేతిలోకి తీసుకునే సమయానికి ఫోన్ మోగింది. కాలనీలో మూడో వీధి గోవిందన్న. మగ్గం నేసుకునే మనిషి. అతని తల్లి లింగమ్మ ముందురోజు పొద్దుగూకే వేళ పోయింది. శేషన్న ఆదోనిలో సామాను ఎక్కిస్తూ ఉండిపోయి ఆ కబురు వినలేదు.

"అన్నా, సెల్లెలు సోలాపురం నుంచి వస్తాంది. రైలు దిగి ఈడికి వచ్చేసరికి నాలుగైతాది. అంతదాకా అమ్మను ఐసుపెట్టెలో పెట్టినాము. ఎనిమిదికి కరెంటు పోతాదంట కదన్నా."

శేషన్న ముప్పై రెండు పేర్లలో అందరూ బతికున్నవాళ్ళే. పోయినవాళ్ళకు కూడా కరెంటు కావాల్సి వస్తుందని ఆయనకు గానీ మేడంకు గానీ తోచలేదు.

టెంకాయ భార్య చేతికిచ్చి బండెక్కాడు.

ఇంటి ముందర షామియానా వేశారు. నడిమింట్లో మగ్గం పక్కన అద్దాల పెట్టె సన్నగా గుర్రుమంటోంది. లోపల లింగమ్మ మొహం నిద్రపోతున్నట్టే ఉంది. శేషన్న చేతులు జోడించాడు. ఆ వీధిలో స్తంభం ఎక్కినప్పుడల్లా ఈమె మంచినీళ్ళ చెంబు పట్టుకుని కింద నిలబడేది. ఆయన దిగేదాకా లోపలికి పోయేది కాదు. ఆడపిల్ల ఈరమ్మను సోలాపురంలో ఇచ్చి పదేళ్ళయింది. అల్లుడిదీ మగ్గం పనే. ఆ పిల్ల పుట్టింటికి వచ్చి మూడేళ్ళు దాటింది. ఈ ఎండాకాలం సెలవులకు పిల్లలను తీసుకుని వస్తానని చెప్పిందట. లింగమ్మ ఆ మాట వీధంతా చెప్పుకుంటూ తిరిగిందట. ఇప్పుడు ఆ పిల్ల రైల్లో జనరల్ పెట్టెలో నిలబడి వస్తోంది.

అరుగు మీద పెద్దవాళ్ళు వేరే మాట మీద ఉన్నారు. అసలే అమావాస్య. దీపాలు పెట్టే వేళకు శవం ఇంట్లో ఉండకూడదు. పైగా నలభై రెండు డిగ్రీల ఎండ. పెట్టె ఆగిందంటే శవం మధ్యాహ్నం దాకా కూడా నిలవదు. ఆడపిల్ల వచ్చి మట్టికి మొక్కుకుంటుందిలే, పన్నెండు లోపల లేపేద్దామని గోవిందన్న చిన్నాన్న అప్పటికే పాడె కట్టేవాళ్ళకు చెప్పి పెట్టాడు. గోవిందన్న మాత్రం పెట్టె మీద చెయ్యి తీయలేదు.

"నా సెల్లెలు మొగం సూడకుండా లేపితే అది నాతో మళ్ళీ మాట్లాడదన్నా. నేనూ దాని మొగం సూడలేను," అన్నాడు.

పెట్టె ఆగదని శేషన్న మాట ఇచ్చాడు. ఎలా ఆగకుండా చూస్తాడో మాట ఇచ్చేటప్పుడు ఆయనకే తెలియదు.

సబ్‌స్టేషన్ దగ్గర ఉష మేడం అప్పటికే వచ్చి ఉంది. సంగతి విని, పటం తీసి ఆ వీధికి ఇంకో వైపు నుంచి కరెంటు ఇచ్చే దారి ఉందేమోనని చూసింది. లేదు. ఆ వీధి ట్రాన్స్‌ఫార్మర్ సరిగ్గా తీగ మార్చే లైను చివర్లోనే ఉంది. పని వాయిదా వేస్తే ఆ తీగ కింద నుంచి నడిచే పిల్లల సంగతి ఏమిటని ఆమె అడగలేదు గానీ, ఆయనకు ఆ ప్రశ్న వినిపించింది.

"చిన్న జనరేటర్ ఏదైనా దొరుకుతుందా శేషన్న గారూ? పెట్టెకు ఎంత కావాలి, ఒక ఫ్రిజ్‌కు కావలసినంత. మనం కూడా కాస్త తొందరగా ముగిద్దాం."

షామియానాలు అద్దెకిచ్చే తిమ్మన్న దగ్గర పెళ్ళిళ్ళకు వాడే జనరేటర్ ఉంది. శేషన్న అతనికి ఫోన్ చేశాడు. ఒకవైపు లారీ వాడు హారన్ కొడుతున్నాడు, ఇంకోవైపు మేడం రిజిస్టరు తెరిచి పిలుస్తోంది. "తిమ్మన్నా, నీ జనరేటర్ తీసుకోని గోవిందన్న ఇంటికి పో. పెట్టె ఆగకూడదు," అన్నాడు. అంతే అన్నాడు.

ఎనిమిదికి సబ్‌స్టేషన్‌లో స్విచ్ తీశారు. తాళం వేశారు. శేషన్న రిజిస్టరులో సంతకం పెట్టి లైన్ క్లియర్ తీసుకున్నాడు. అంటే, ఆయన స్వయంగా తిరిగి వచ్చి సంతకం పెట్టేదాకా ఆ స్విచ్ ఎవరూ వేయకూడదు. దాంతోనే లైను చచ్చిందని లైన్‌మన్ నమ్మకూడదు. పనిచేసే చోటుకు ఇటొకటి అటొకటి ఎర్త్ తీగలు కట్టి భూమిలో దించాలి. పొరపాటున ఎటునుంచైనా కరెంటు వస్తే మనిషిని వదిలి ఆ తీగ వెంట భూమిలోకి పోతుంది. పని ముందుకు జరిగిన కొద్దీ వాటిని విప్పి మళ్ళీ కట్టాలి. ఒక్కొక్కసారికి పావుగంట పడుతుంది.

తొమ్మిదిన్నరకు రెండో చోటికి జరిగారు. అక్కడ లైనును నడిమికి కోసి, పాత తీగ దించాలి. పైకి ఎక్కేది ప్రకాష్. పెద్దకడుబూరు వైపు మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. లైన్‌మన్‌గా ఆరేళ్ళ అనుభవం. మాటలు తక్కువ.

శేషన్న గడియారం చూశాడు. ఈ లెక్కన సాయంత్రం నాలుగున్నర దాటుతుంది. అద్దాల పెట్టె కళ్ళ ముందర కదిలింది.

"సబ్‌స్టేషన్ వైపు ఎర్త్ ఉంది కదప్పా. అవతల వైపుది ఇడిసిపెట్టు. ఆ పక్క లైను ఆడికే అయిపోతాది. ఆడినుంచి కరెంటు యాడొస్తాది?" అన్నాడు.

ప్రకాష్ తల ఊపాడు. ఊపి, అవతలి స్తంభం దగ్గరికి పోయి, ఎప్పటిలాగే ఎర్త్ కట్టి వచ్చాడు. శేషన్న చూసి పళ్ళు కొరికాడు గానీ ఊరుకున్నాడు. విప్పమంటే ఇంకా ఆలస్యం.

పది దాటింది. లైను కోసేశారు. ప్రకాష్ పైన నిలబడి అవతలి వైపు తీగ కొసను పట్టుకుని కిందికి వదలబోతున్నాడు. అవతలి స్తంభం దగ్గర చిటపటమని చప్పుడైంది. ఆదోని జట్టులో ఒకాయన తల తిప్పి చూశాడు. మళ్ళీ అదే చప్పుడు. ఈసారి ఎర్త్ తీగ కట్టిన చోట సన్నగా నిప్పురవ్వలు రాలాయి.

"అన్నా," అన్నాడు ప్రకాష్ పైనుంచి. గొంతు పెద్దది చేయలేదు. "ఆ ఎర్త్ కాడ కరెంటు ఉన్నట్టుంది."

శేషన్న జేబు తడుముకున్నాడు. సబ్‌స్టేషన్ తాళం చెవి తన జేబులోనే ఉంది. అప్పుడే ఫోన్ మోగింది. గోవిందన్న. జనరేటర్ పది గంటలకు గానీ రాలేదట. వేయగానే మూలిగి ఆగిపోతోందట, రెండుసార్లయింది. ఇంకో సంగతి, అది వేసినప్పుడు ఎదురింటి ఫ్యాను కూడా ఒక్క చుట్టు తిరిగిందట.

ఎదురింటి ఫ్యాను తిరిగిందన్న మాటతో శేషన్నకు అంతా అర్థమైంది.

జనరేటర్ మీద ఎవరూ చెయ్యి వేయవద్దని ఫోన్‌లో చెప్పాడు. ప్రకాష్‌ను తీగ వదిలేసి దిగమన్నాడు. అందరినీ లైనుకు దూరంగా నిలబెట్టి, ప్రకాష్ కాళ్ళు నేల మీద ఆనడం కళ్ళారా చూసినాకే మూడో వీధికి పరుగెత్తాడు. యాభై ఆరేళ్ళ మనిషి అలా పరుగెత్తడం చూసి అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడ్డారు.

జనరేటర్ నుంచి వచ్చిన వైరు ఐసుపెట్టెకు పోలేదు. రెండు కొసలకూ ప్లగ్గులున్న వైరుతో ఇంటి బోర్డులోకే పోయింది. తిమ్మన్న దాని పక్కన చెమటలు కారుతూ మూడోసారి తాడు లాగడానికి కూర్చుని ఉన్నాడు. శేషన్న ఆ ప్లగ్గు పీకి అవతల పారేశాడు.

"ఎవరు సెప్పినారప్పా నీకు ఇట్లా పెట్టమని?"

తిమ్మన్నకు తప్పేమిటో తెలియలేదు. లోపల ఆడవాళ్ళు ఇరవైమంది ఉన్నారు, ఏడ్చి ఏడ్చి ఉక్కపోతకు ఒకామె పడిపోయింది కూడా. ఇంటి బోర్డుకే ఇచ్చేస్తే పెట్టెతో పాటు ఫ్యాన్లు కూడా తిరుగుతాయని అనుకున్నాడు. పెళ్ళి ఇళ్ళల్లో చాలాచోట్ల అలాగే పెట్టాడు. ఎప్పుడూ ఏమీ కాలేదు.

శేషన్న అతని పక్కనే నేల మీద కూలబడి, ఊపిరి తిరిగినాక చెప్పాడు. ఇంట్లో పెట్టిన కరెంటు ఇంట్లోనే ఉండదు. మీటరు దాటి వీధి తీగల్లోకి పోతుంది. అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కుతుంది. "ఈడ అది ఇన్నూట ముప్పై వోల్టులు. ట్రాన్స్‌ఫారం ఎక్కి అవతలికి పోతే పదకొండు వేలు. ఆ తీగ మా వాని సేతిలో ఉన్నింది తిమ్మన్నా."

తిమ్మన్న చేతిలోని తాడు జారిపోయింది. శేషన్న అతని మోకాలి మీద చెయ్యి వేశాడు.

"తప్పు నీది కాదు. పిలిచింది నేను. ఎట్లా పెట్టల్లో సెప్పాల్సింది నేను. సెప్పలేదు."

వేరే వైరు తెప్పించి జనరేటర్ నుంచి నేరుగా పెట్టెకే లాగాడు. ఇంటి మెయిన్ స్విచ్ దించి, దాని మీద గుడ్డ చుట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాడు. జనరేటర్ ఈసారి ఆగలేదు. పెట్టె మళ్ళీ గుర్రుమంది. అప్పటికి రెండు గంటలకు పైగా ఆగిపోయి ఉంది. అడుగున నీళ్ళు చేరాయి. అద్దాల మీద చెమ్మ పట్టింది. గోవిందన్న చిన్నాన్న తొంగి చూసి, ఇంక ఎందుకురా, లేపేద్దామన్నాడు. గోవిందన్న పంచె కొసతో అద్దం తుడిచి చూశాడు. తల్లి మొహం మారలేదు. నాలుగు దాకా చూద్దామని మాత్రం అన్నాడు. ముసలాయన గొణుక్కుంటూ అరుగు మీదికి పోయాడు.

శేషన్న తిరిగి వెళ్ళేసరికి ఉష మేడం జీపు దిగుతోంది. పని ఆపించేసింది. ప్రకాష్ ఒక గోడ నీడన కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు.

ఆయన ఏమీ దాచలేదు. తిమ్మన్నకు సరిగ్గా చెప్పలేదన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ను ముందే లైను నుంచి విడదీసి ఉండాల్సింది, తొందరలో అదీ చేయలేదన్నాడు.

"అవతలి ఎర్త్ వద్దని నేనే అన్యాను మేడం. వాడు నా మాట ఇనకుండా కట్టినాడు. ఇనింటే ఈ పొద్దు ఈ ఊర్లో రెండు శవాలు లేసేటివి."

ఉష మేడం ఆ మాటకు కళ్ళు దించుకుంది. జనరేటర్ పెట్టమన్నది తానేననీ, దాన్ని ఎలా కలుపుతారని తానూ అడగలేదనీ అంది. జాగ్రత్తగా చేసిన ముప్పై రెండు పేర్ల జాబితాలో ఎవరింట్లో జనరేటర్ ఉందో రాసుకోవాలన్న ఆలోచనే రాలేదంది. తర్వాత జరిగింది జరిగినట్టు రాసివ్వమని కాగితం ఇచ్చింది. శేషన్న జీపు బానెట్ మీద పెట్టుకుని రాశాడు. తను అన్న మాట కూడా రాశాడు. అది చదివితే పైవాళ్ళు ఏమంటారో ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆమె చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది.

ట్రాన్స్‌ఫార్మర్ విడదీసి, ఎర్తులు మళ్ళీ చూసుకుని, కాలనీలో ఇంకెక్కడా జనరేటర్ లేదని ఇల్లిల్లూ కనుక్కుని, పని మొదలుపెట్టేసరికి పన్నెండున్నర. ఇక కరెంటు ఏడు లోపల రాదు. తొందరపడి మిగుల్చుకుందామనుకున్న పావుగంటకు రెండున్నర గంటలు పోయాయి. ప్రకాష్ మళ్ళీ తనే ఎక్కుతానన్నాడు. శేషన్న అతని భుజం పట్టుకున్నాడు. ముందు అన్నం తిను అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన చెవి ఒకటి మూడో వీధి వైపే ఉంది. జనరేటర్ చప్పుడు సన్నగా వినిపిస్తూనే ఉంది. తిమ్మన్న దాని పక్కనుంచి కదలలేదని, పెట్రోలు పోస్తూ అక్కడే ఎండలో కూర్చున్నాడని ఎవరో చెప్పారు. ఈ పక్క శేషన్నకు మనసులో ఒక ప్రశ్న తిరుగుతోంది. పోయిన మనిషి కోసం తొందరపడి బతికున్న మనిషిని మరిచిపోయాడు. మంచి చేయాలనే అనుకున్నాడు. తిమ్మన్న కూడా మంచే అనుకున్నాడు. మంచి అనుకోవడం చాలదా స్వామీ, ఇంకేం కావాలి అని అడిగాడు. పైన ప్రకాష్ కొత్త తీగ బిగిస్తున్నాడు.

నాలుగుకు ఇంకా పది నిమిషాలుందనగా జనరేటర్ చప్పుడు ఆగిపోయింది.

శేషన్న పని ప్రకాష్‌కూ జట్టు మేస్త్రీకీ అప్పజెప్పి, రెండోసారి ఆ వీధికి పరుగెత్తాడు. పెట్రోలు అయిపోయిందా, వైరు కాలిందా, ఇంత దూరం వచ్చి పది నిమిషాల ముందర పోయిందా అనుకుంటూ మూల తిరిగాడు. షామియానా కింద తిమ్మన్న జనరేటర్ పక్కన లేచి నిలబడి ఉన్నాడు. వేలు పెదాల మీద పెట్టుకుని, లోపలికి చూడమన్నట్టు తల తిప్పాడు.

పెట్టె మూత తీసి ఉంది. ఈరమ్మ వచ్చేసింది. భుజాన సంచి అలాగే ఉంది, చెప్పులు కూడా విప్పలేదు. చప్పుడు ఆపమని ఆమే అడిగిందట. రెండు చేతులతో తల్లి మొహం పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతోంది. ఏడవడం లేదు, చెబుతోంది. మూడేళ్ళ మాటలు. ఆమె పిల్లలిద్దరూ అవ్వ చల్లగా ఉందని గుసగుసలాడుకుంటున్నారు. గోవిందన్న గోడకు ఆనుకుని అప్పుడు ఏడ్చాడు. అరుగు మీద చిన్నాన్న తలపాగా తీసి కళ్ళు తుడుచుకున్నాడు. పాడె గురించి ఎవరూ మాట్లాడలేదు.

కాసేపటికి గోవిందన్న చెల్లెలి చెవిలో ఏదో చెప్పాడు. ఆమె తలెత్తి, గుమ్మంలో నిలబడ్డ శేషన్నను చూసి చేతులు జోడించింది.

"మా యమ్మను నాకు నిలిపి పెట్టినావంట అన్నా."

శేషన్నకు ఆ దండం తీసుకోవడానికి చెయ్యి లేవలేదు. అందులో ప్రకాష్ పాలు ఎంత, తిమ్మన్న పాలు ఎంత, తన తప్పు ఎంత అని ఆ పిల్లకు ఇప్పుడు ఎలా చెప్పడం? చెప్పి ఆమె నిమిషాలు ఎందుకు తినడం?

"తల్లీ, పొద్దు ఇంకా ఉంది. నిదానంగా మాట్లాడుకో. తొందర లేదు," అని మాత్రం అన్నాడు.

వెనక్కి తిరిగి లైను దగ్గరికి నడిచాడు. ఈసారి పరుగెత్తలేదు.